పోశం వరికి రాగి పలక

సిరొంచలో పెళ్ళిపత్రికలు అచ్చు వేయడంలో నన్ను మించినవాడు లేడు. అంటే, ఆ పని చేసే రెండోవాడు లేడు. బామ్ని ఊరి పోశం సోలారు మోటారులో చిన్న సర్క్యూట్ కార్డు కాలిపోయి, పొట్టకొచ్చిన వరికి నీళ్ళు ఆగినప్పుడు, రిపేరు చేసే సలీం అందుకే నా దగ్గరికి వచ్చాడు.

"కంపెనీ కార్డు రావాలంటే నెల పడ్తదట కాకా. రాగి పూత పలక తెస్తే మనమే చేద్దాం. గీతలు నువ్వు అచ్చెయ్యి, తక్కింది నేను చూస్కుంట."

పొద్దున ఆరింటికి బస్సెక్కాను. అల్లపల్లిలో టీ, ఆష్టిలో అటుకుల పోహా. చంద్రపూర్ చేరేసరికి ఒంటిగంట. దుకాణంలో పలక చేతికిచ్చారు. కింద పచ్చటి ఫైబరు, పైన అద్దంలా రాగి. కాగితం మీదైతే సిరా నిలిచి చదివిస్తుంది. ఇక్కడ సిరా కప్పని రాగి మందునీళ్ళలో కరిగిపోతుంది, ఆ తర్వాత సిరానూ తుడిచేస్తారు. దాని చాటున మిగిలిన రాగి గీతల్లోనే కరెంటు నడుస్తుంది. ఇన్నేళ్ళూ సిరాను చూసుకుని మురిశాను గానీ, దాని కింద ఉన్నదాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

రెండింటికి తిరుగు బస్సు. సిరొంచలో గాజులమ్మే లక్ష్మి పక్కన కూర్చుంది.

"ఏంది తాతా గది?"

"రాకెట్టు ముక్క," అన్నాను.

ఇంకేం, పలక బస్సంతా చేతులు మారింది. నేనూ కాగితం అలవాటు కొద్దీ బొటనవేలు తడి చేసి రుద్ది, సరుకు గట్టిదని తీర్పిచ్చాను.

అల్లపల్లిలో బస్సు ఆగితే దిగి వెలుగులో చూస్తే రాగి నిండా నల్లటి వేలిముద్రలు! సలీంకు ఫోన్ చేశాను.

"పరేషాన్ జేసినవ్ గద కాకా! జిడ్డు మీద సిరా పట్టది. ఒక్క గీత తెగినా కార్డు పన్జెయ్యది. జర చింతపండుతోటి తోమి కడుగు. ఇగ ఎవ్వర్నీ ముట్టనియ్యకు."

అప్పుడు అందరికీ నిజం చెప్పాను. ఇది రాకెట్టుది కాదు, పోశం వరిది.

"గా ముచ్చట ముందే చెప్తే నీ సొమ్మేం బోయె?" అని లక్ష్మి టీకొట్టులో చింతపండు అడిగి తెచ్చి, చెంబు తోమినట్టు తోమింది. కాగితంలో చుడతానంటే, నీ కాగితానికే జిడ్డుందేమో అని ఒప్పుకోలేదు. గుంతల రోడ్డు పొడుగునా ఒకరి తర్వాత ఒకరు పలక అంచులు పట్టుకుని కూర్చున్నారు.

చీకటి పడ్డాక, మాతో సిరొంచ వచ్చేందుకు బామ్నిలో పోశం ఎక్కాడు. "ఏదీ, సూడనియ్యి" అని చెయ్యి చాపాడో లేదో, బస్సంతా "ముట్టకు!" అని అరిచింది. పాపం, చేతులు చంకల్లో దాచుకుని నా పక్కన కూర్చున్నాడు.

"దీంతోటి నీళ్ళొస్తయా కాకా?"

ప్రాణహిత నది మొత్తం నీ మడిలోకే మళ్ళుతుందని చెప్పబోయాను. మాట నోటిదాకా వచ్చింది.

"సలీం చేస్తడు," అన్నాను. "చూడాలె."