దీపం వైపు చూడని పిల్ల

త్రినాథరావుకు పోర్టులో ఇనుప ఖనిజం ఓడలకెత్తే బెర్తు దగ్గర ఉద్యోగమైంది. అమలాపురం దగ్గరి పల్లె నుంచి కాపురం విశాఖకు మారాక అతని భార్య వరహాలమ్మకు రెండే దిగుళ్ళు. ఒకటి ఆ ఖనిజపు ఎర్రటి దుమ్ము. పొద్దున్న తుడిచిన అరుగు మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఎర్రబడేది. ఆరేసిన చీరల్నీ మంచినీళ్ళ బిందెనీ కూడా వదిలేది కాదు. రెండోది పిల్లల పెంపకం. ఊళ్ళో అయితే నలుగురూ కలిసి మంచీ చెడూ నేర్పేవారు. ఇక్కడ తనొక్కతే.

అందుకే రోజూ దీపం పెట్టే వేళకు కూతుళ్ళిద్దరినీ, పద్మావతినీ చిన్నది కనకరత్నాన్నీ, సింహాచలం అప్పన్న పటం ముందు కూర్చోబెట్టేది. పాట పాడించి కథ చెప్పేది. ఏ కథైనా చివరికి ఒక్కచోటికే వచ్చేది. "మనల్ని చేసినవాడు ఆయనే. ఏం చేసినా చూస్తూంటాడు. తప్పు చేస్తే ఊరుకోడు."

తన తల్లి తనకు అలాగే చెప్పింది. అందులో కీడుందని ఆమెకు తోచలేదు.

డెబ్బై ఆరులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం నైవేద్యం పెట్టకముందే కనకం గిన్నెలోంచి ఇంత పొంగలి తీసి నోట్లో వేసుకుంది.

"దేవుడికంటే ముందు తింటావుటే? కళ్ళు పోతాయి!" అంది వరహాలమ్మ.

ఏ తల్లయినా అనే మాటే. అని మరిచిపోయింది. పిల్ల మరిచిపోలేదు.

కొద్దిరోజులకే పెద్ద గాలి లేచింది. బడి నుంచి వస్తున్న కనకం ఎడమ కంట్లో నలక పడింది. నలుపుకుంది. మర్నాటికి కన్ను చింతనిప్పయింది. ఇంట్లో చెప్పలేదు. జుట్టు ముఖం మీదికి దించుకుని తిరిగింది. ఆటలు మానేసి, మాట తగ్గించి, చీకటిగా ఉండే మూల వెతుక్కుని కూర్చునేది. దీపం ముందు మాత్రం రెండు కళ్ళూ గట్టిగా మూసుకునేది. చెంపల మీద నీళ్ళు కారుతూండేవి.

"చూశావా, చిన్నదానికి ఎంత భక్తో!" అన్నాడు త్రినాథరావు.

వరహాలమ్మ మురిసిపోయింది. ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకుంది.

ఒకరోజు చేపలమ్మే పోతమ్మ గుమ్మంలో ఆగింది. "ఏటమ్మా, ఈ పిల్ల గోడ పట్టుకుని నడుత్తన్నాదేటి?"

"ఎండకి తల తిరిగిందేమోలే."

పోతమ్మ గంప దించి, కనకం గడ్డం పట్టుకుని, జుట్టు పక్కకి తోసింది. "ఓలమ్మో! కన్ను సూడు తల్లీ, తెల్లబడిపోనాది!"

కనకం కెవ్వుమంది. "చూడొద్దమ్మా! పొంగలి తిన్నానని దేవుడు తీసేసుకుంటున్నాడు. ఎవరికైనా చెబితే రెండోది కూడా తీసుకుంటాడు!"

వరహాలమ్మ పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

"నల్లగుడ్డు మీద పుండు పడింది. నలక పడ్డ వెంటనే తెచ్చుంటే బాగుండేది. ఈ కంటికి ఇక చూపు రాదమ్మా," అన్నాడు డాక్టరు.

వార్డు వరండాలో త్రినాథరావు మెల్లగా అన్నాడు. "శాంతి చేయిద్దాం. పిల్ల వల్ల అపచారం జరిగింది కదా."

"అపచారం పిల్లది కాదండీ, నాది. మనల్ని చేసినవాణ్ణి కళ్ళు పీకేవాడిగా చూపించాను," అంది వరహాలమ్మ.

ఇంటికొచ్చాక కనకం పటం ఉన్న గదిలోకి రానంది. తల్లి బలవంతపెట్టలేదు. తనే పెరట్లోకి వెళ్ళి, పిల్ల పక్కన కూర్చుంది.

"నీ కంట్లో పడింది దుమ్ము. దేవుడు కాదు. నా కడుపులో నీ వేళ్ళూ గోళ్ళూ ఒక్కొక్కటే ముద్దుగా చేసినవాడు, ఇంత పొంగలి కోసం నీ కన్ను తీస్తాడా?"

కనకం నేల మీది ఎర్రదుమ్మును వేలితో తాకింది. "మరి దుమ్మునెవరు చేశారు?"

"ఆయనే. నీ కంట్లో ఎందుకు పడనిచ్చాడో నాకు తెలీదమ్మా. అబద్ధం చెప్పను."

ఆ రోజు నుంచి ఇంట్లో ప్రార్థన మారిపోయింది. ఆయన చేసిన వాటిలో ఆ రోజు తమకు నచ్చినదేదో పిల్లలే చెప్పాలి. పద్మావతి పిచ్చుకలనో వానజల్లునో చెప్పేది. కనకం పెరటి గుమ్మంలోనే కూర్చుని వినేది. ఆ గుమ్మం దాటి దీపం దాకా రావడానికి ఆమెకు ఏడాది పైనే పట్టింది.

తరవాత గాజువాకలో ఇల్లు తీసుకున్నారు. సాయంత్రాలు వీధి పిల్లలు కూడా వచ్చి వరహాలమ్మ చుట్టూ చేరేవారు. కనకం వాళ్ళకు పాటలు నేర్పేది, నవ్వేది. భయం వదిలిపోయిందనే అనుకుంది తల్లి.

కనకం ఇంటర్ చదువుతుండగా ఊరంతా కళ్ళకలక తిరిగింది. ఒక మధ్యాహ్నం వరహాలమ్మ మజ్జిగ తీసుకెళ్తే, గది తలుపులు, కిటికీ రెక్కలు మూసేసి ఉన్నాయి. మంచం మూల కనకం ముడుచుకుని కూర్చుంది. చూపున్న ఆ ఒక్క కన్నూ ఎర్రగా వాచిపోయింది.

"ఈసారి నేనేం చేశానమ్మా?" అంది.

వరహాలమ్మ కూతుర్ని బస్సెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఉత్త కళ్ళకలకేననీ, తగ్గిపోతుందనీ ఆయన చెప్పాడు. మందు వేశాడు. తల్లి చెయ్యిని కనకం దారంతా వదల్లేదు.

ఆ సాయంత్రం వచ్చిన పిల్లల్ని వరహాలమ్మ ఇళ్ళకు పంపేసింది. గదిలోనే దీపం పెట్టి, వెలుగు కూతురి కంటికి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వేమీ చెయ్యలేదు తల్లీ," అంటూ, ఆనాడు పెరట్లో చెప్పిందంతా మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.