ఆనందమ్మ వెనక్కి తెచ్చిన మాత్రలు

నొప్పిని దాచుకోని మనుషులు మానేసిన మాత్రను మాత్రం డాక్టరు ముందు ఎందుకు దాస్తారు? ఎన్నేళ్ళు ఆలోచించినా దీనికి జవాబు దొరకలేదు.

తిరుపతిలో ఒక ఆసుపత్రి. గుండె బలం తగ్గినవాళ్ళకు ఒక కొత్త మాత్ర పనిచేస్తుందా లేదా అని అక్కడ రెండేళ్ళుగా పరిశోధన సాగుతోంది. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి మందు లేని మాత్ర. ఎవరిది ఏదో డాక్టరుకూ తెలియదు. నెలకోసారి సీసా తెచ్చి చూపాలి. అందులో ఎన్ని మిగిలాయో రాసుకోవడం కోమలి ఉద్యోగం. చంద్రగిరి పిల్ల. ఆమె పుస్తకంలో అందరి పేర్లకూ ఎదురుగా సున్నాలే. డాక్టరు ఆ సున్నాలు చూసి మురిసిపోయేవాడు. కోమలికి మాత్రం నమ్మకం కుదిరేది కాదు.

ఆ మంగళవారం పూతలపట్టు నుంచి ఆనందమ్మ వచ్చింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే మనిషి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బయట బల్ల మీద పక్కన కూర్చున్న కుప్పమ్మ, తనూ అదే పరిశోధనలో మాత్రలు తీసుకునే మనిషి, ఆమె సీసాను ఊపి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏందిమే, గలగలమంటాండాది! బస్టాండు కాడ మోరీలో పారబోసి రావద్దా? మేమంతా అట్లే గదా సేసేది."

"పారబోయకుంటే?"

"పేరు కొట్టేస్తారు. అంత పెద్ద డాక్టరు ముందర మొగం యాడ పెట్టుకుంటావు?"

పేరు కొట్టేస్తారంటే ఆనందమ్మకూ భయమే. తన ఆయాసాన్ని ఎవరైనా పట్టించుకున్నారంటే ఇక్కడే. అయినా లేచింది. లోపలికి పోయి సీసాను కోమలి ముందు బోర్లించింది. పద్నాలుగు మాత్రలు.

"ఇన్ని మింగలేదా అత్తా?"

"లేదు పాపా. పొద్దున ఇది మింగితే గంటకోసారి ఒంటేలుకు పోవాల. మాటిమాటికీ లేస్తే మేస్త్రి కసురుకుంటాడు. పని ఉండే దినాలు మానుకున్నా. రాసుకో."

"డాక్టరుగారికి చెప్పాలత్తా. పేరు ఉంచుతారో తీసేస్తారో నాకు తెలీదు."

"తీసేస్తే తీసేయనీ. సున్నా మాత్రం రాయొద్దు. నేను మింగినానని రాసుకుంటే, రేపు నా మాదిరి గుండె ఉండేవాళ్ళకు మీరేం మందిస్తారు?"

కోమలి పక్క గదిలోకి వెళ్ళి చెప్పింది. డాక్టరు పుస్తకం అందుకుని వెనక పేజీల్లోని సున్నాలన్నీ తిప్పి చూశాడు. "పేరు తీయొద్దు. ఏ వేళైనా వేసుకోవచ్చు, షిఫ్టు అయ్యాక వేసుకోమను. బయటున్న వాళ్ళందరినీ అడుగు. ఎన్ని మానేశారని కాదు, ఎందుకు మానేశారని."

కోమలి ఆనందమ్మకు ఆ మాట చెప్పి, కొత్త సీసా ఇచ్చి, పుస్తకంతో బల్ల దగ్గరికి వచ్చింది. ఎందుకు మానేశారని అడిగితే అందరూ సీసాలు సంచుల్లో దాచుకున్నారు. ఆనందమ్మ కుప్పమ్మను మోచేత్తో పొడిచింది.

"సెప్పుమే. పేరేమీ కొట్టెయ్యరంట."

కుప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తిరపతికి వచ్చే దినం నేను మింగను పాపా. మన కోసరం బస్సు దారిలో ఎవడు నిలుపుతాడు?"

"నాకు శనివారాలు ఒక్కపొద్దు. మందు కూడా తాకను," అన్నాడు వెనక నుంచి జయచంద్ర అనే ముసలాయన.

"వారానికి ఒక దినం గుండెకు కూడా సెలవిచ్చినావా అప్పా!" అని కుప్పమ్మ ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు. ఆ తరువాత ఒకరి మాట మీద ఇంకొకరు అందుకున్నారు. కోమలి చెయ్యి ఆగలేదు.

మూడో పేజీ తిప్పుతూ తలెత్తితే ఆనందమ్మ చోటు ఖాళీగా ఉంది. ఆమెకు సెలవు ఆ పూటకే, మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీలో ఉండాలి. సీసా సంచిలో వేసుకుని, అప్పటికే బస్టాండు దారి పట్టింది.