నురుగు ఎవరు తాగుతారు?

మా కోడలికి రెండు నెలలుగా సాయంత్రమైతే జ్వరం. నడుము పట్టేసి సరిగా నిలబడలేకపోతోంది. టైఫాయిడ్ అని ఒకరు మందులిచ్చారు, తగ్గలేదు. వెన్నులో టీబీ కావచ్చన్నారు ఇంకొకరు. సోమవారం రమ్మన్నారు, ఆ మందులు మొదలుపెడతామన్నారు. ఆ ఆదివారం నాకు ముద్ద దిగలేదు. ఆ జ్వరం నాకు తెలుసు.

పడుచుతనంలో గౌలిపురలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేశాను. మా గల్లీలోకి మైక్రోస్కోపు తెచ్చిన మొదటి మనిషి ఆయనే. పాలవాళ్ల ఇళ్లలోనే ఈ జ్వరం ఎందుకు ఎక్కువో తేల్చాలని పట్టుబట్టాడు. పాలు కాచి తాగుతారా అని అడిగితే ప్రతి ఇంటా "కాచే తాగుతం సార్" అనేవారు. ఏళ్ల తరబడి అదే జవాబు. చివరికి ఆయనే తెల్లవారకముందు వెళ్లి కొట్టాల్లో పీట వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది. నురుగుతో కలిపి కొలిస్తే పాలు పోయించుకునేవాళ్లు లొల్లి చేస్తారు. అందుకని పిండగానే పైనురుగు తీసి ఇంటివాళ్లే తాగేస్తారు. వాళ్ల లెక్కలో అది పాలు కాదు! ఆ రోజు నుంచి ఆయన ప్రశ్న మారింది: నురుగు ఎవరు తాగుతారు?

అదంతా రాసి పెద్ద డాక్టర్లకు పంపితే, పశువుల దవాఖానాలో చేరమని నవ్వారు. 'బర్రెల డాక్టర్' అన్న పేరొకటి మిగిలింది. అయినా పోయేదాకా రాస్తూనే ఉన్నాడు. బడి మొహం చూడని నేను మందుసీసాల చీటీల మీద ఇంగ్లిషు నేర్చుకుని ఆయన నోటుబుక్కులన్నీ చదివాను. నవ్విన ఆ చదువుకున్నవాళ్లలో ఒక్కడైనా ఒక్క పేజీ తిప్పాడా? ఆ మంట నాకింకా ఆరలేదు.

సోమవారం ఆయన నోటుబుక్కు ఒకటి చంకలో పెట్టుకుని కోడలితో ఆటో ఎక్కాను. డాక్టరమ్మది మా మనవరాలి వయసు.

"పచ్చిపాలు తాగుతవా అమ్మా?"

"లేదు మేడం, కాచే తాగుతం." కోడలి పుట్టిల్లు గౌలిపురలోనే, ఇప్పటికీ పాలవాళ్లే.

డాక్టరమ్మ చీటీ మీద కలం పెట్టింది. నేను కోడలి వైపు తిరిగాను.

"బిడ్డా, మీ అమ్మగారింట్ల నురుగు ఎవరు తాగుతరు?"

"నేను పోతే నాకే, మామా. అమ్మ గ్లాసుల తీసిపెడ్తది. అండ్ల పాలేడున్నయ్, గాలే గద!"

కలం ఆగింది. "తాతా, గిట్ల అడగాల్నని నీకెవరు చెప్పిండ్రు?"

నోటుబుక్కు తెరిచి ముందుపెట్టాను. ఆమె మూడు పేజీలు చదివింది, నవ్వలేదు. "పచ్చిపాల నుంచి వచ్చే జ్వరమే ఇది, బ్రూసెల్లా కావచ్చు. దానికి రక్తం పంపుదం. రిపోర్టు వచ్చేదాక టీబీ మందులు వద్దు."

బయటికి వచ్చాక కోడలు మెల్లగా అంది: "మామా, మా తమ్ముని పిల్లలు గూడ తాగుతరు. రోజూ, రెండుపూటలా."

ఇంటికని ఎక్కిన ఆటోను గౌలిపురకు తిప్పించాను. పొద్దు వాలుతోంది, పాలు పిండే వేళ. మూసీ వంతెన మీద బండ్లు కదలవు. దిగి నడుద్దామంటే కోడలి నడుము సహకరించదు.

మేము చేరేసరికి బిందె నిండింది. వియ్యపురాలు కూతుర్ని చూసి నురుగు గ్లాసుతో ఎదురొచ్చింది.

"దవాఖాన నుంచి వచ్చినవా బిడ్డా? ఎట్లయినవ్ సూడు! ముందుగాల ఇది తాగు."

ఆ గ్లాసు కోడలి చేతికి అందకముందే లాక్కున్నాను.

"అయ్యో అన్నా, అడిగితే మీకు గూడ తెద్దును గద!" అని నవ్వి, ఇంకో గ్లాసు కోసం లోపలికి వెళ్లింది.