గడియారం తలకాయ

బహ్లాలో మా సైట్ ఫోర్‌మన్ మీద పగ తీర్చుకోవాలని నేను నిర్ణయించుకున్నది ఒక గురువారం. అంతవరకు నా ఫిర్యాదులన్నీ పద్ధతి ప్రకారమే సాగాయి.

ఒమాన్‌లో వేసవి వస్తే పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదు. మా ఫోర్‌మన్ ఉదయాన్నే మనుషుల ఫోన్లు గేటు దగ్గర పెట్టించి, షెడ్డులోని గోడ గడియారాన్ని నలభై నిమిషాలు వెనక్కి తిప్పేవాడు. ఎవరైనా అడిగితే సైట్ గడియారమే లెక్క అనేవాడు. హాజరు రాసేది నేను. నా చేతి గడియారం చెప్పిన సమయమూ, గోడ గడియారం చూపిన సమయమూ పక్కపక్కన రోజూ నోటుపుస్తకంలో రాశాను.

ఆ గురువారం ఆ నలభై నిమిషాల్లోనే జగిత్యాల నుంచి వచ్చిన బ్లాకుల మేస్త్రీ ఒకతను కళ్లు తిరిగి కాంక్రీటు మీద బోర్లా పడ్డాడు. పెదవి చీలింది. అతన్ని ఆసుపత్రికి పంపి, నోటుపుస్తకం తీసుకెళ్లి ఫోర్‌మన్ ముందు పెట్టాను. ఆయనదీ మా జిల్లాయే.

"నీ రాత ఎవడు సదువుతడు కాకా? కూలోళ్లకు అక్షరం రాదు, అర్బాబుకు తెలుగు రాదు. నువ్వే రాస్కో, నువ్వే సదువుకో."

అర్బాబు అంటే మా యజమాని. ఫోర్‌మన్ ఆ వేసవి పేజీలన్నీ చించి చెత్తడబ్బాలో వేశాడు.

సీబ్‌లో పాత సామాన్ల దుకాణంలో కొన్న పుస్తకమొకటి నా దగ్గర ఉంది. అమెరికా రాజకీయ కార్టూన్ల చరిత్ర. అక్కడి రెండు పార్టీలకు గాడిద, ఏనుగు గుర్తులుగా స్థిరపడింది కార్టూన్ల వల్లనే. నూటయాభై ఏళ్ల కిందట న్యూయార్క్‌ను దోచుకున్న ఒక నాయకుడికి తలకాయ బదులు డబ్బు సంచి పెట్టి గీశాడు ఒక చిత్రకారుడు. పత్రికల రాతలకు ఆ నాయకుడు జంకలేదట. తన మనుషులకు చదువు రాకపోయినా బొమ్మలు చూడటం వచ్చునని, వాటికే భయపడ్డాడట. ఏ ఆయుధం పట్టాలో మా ఫోర్‌మన్ తన నోటితోనే నాకు చెప్పాడు.

శుక్రవారం సెలవు. పదకొండు బొమ్మలు పాడుచేసి పన్నెండోది నిలబెట్టాను. ఫోర్‌మన్ పొట్ట, ఫోర్‌మన్ గొడుగు. తల మాత్రం గోడ గడియారం, దాని ముళ్లే మీసాలు. తన ముల్లును తానే వెనక్కి లాగుతున్నాడు. ఆ ముల్లు కొసకు ఒక మనిషి వేలాడుతున్నాడు. కింద నా సంతకం, తేదీ. మెస్‌లో అన్నం గిన్నె పక్కన గోడకు అతికించాను. రాత్రి అన్నానికి వచ్చిన కూలీలు దాని చుట్టూ మూగారు.

"అరే, మీసాలు పదీ పదికి నిలబడ్డయ్ సూడుండ్రి!"

"గా బొట్టు పన్నెండు కాడ పెట్టిండు కాక!"

పెదవి కుట్లు లాగుతున్నా బ్లాకుల మేస్త్రీ కూడా నవ్వాడు.

ఆదివారం తనిఖీకి వచ్చిన అర్బాబు ఆ బొమ్మ ముందు ఆగాడు. తన చేతి గడియారం చూసుకుని, నేరుగా షెడ్డులోకి నడిచి గోడ వైపు చూశాడు. ఆ పూటే గడియారం సరైంది. వారం తిరగకముందే ఫోర్‌మన్‌ను షినాస్ సైట్‌కు మార్చారు.

అక్కడితో ఆగవలసింది. నేను ఆగలేదు. ఆ న్యూయార్క్ నాయకుడు స్పెయిన్‌కు పారిపోతే, అక్కడివాళ్లు అతన్ని కార్టూన్‌ను బట్టే గుర్తుపట్టారని పుస్తకంలో ఉంది. బొమ్మకు మరో ప్రతి గీసి, ఫోర్‌మన్ కన్నా ఒకరోజు ముందు షినాస్ వెళ్లే మా ట్రక్కు డ్రైవర్ చేతికిచ్చి, అక్కడి మెస్‌లో అతికించమన్నాను.

మరునాడు డ్రైవర్ ఫోన్ చేశాడు.

"కాకా, సారు బండి దిగంగనే అందరు మణికట్లు సూస్కున్నరు. ఒగడైతే, టైమెంతైంది సారూ అనడిగిండు."

"ఏమన్నాడు?"

"ఏమంటడు? ముఖం దాస్కున్నడు."

కొత్త నోటుపుస్తకం తెరిచి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను. పక్కన సమయం వేశాను: పదీ ఇరవై. గోడ గడియారంలోనూ అంతే.