సిస్టర్‌కి ఎదురు మాట

మా బడిలో పీటీ నేర్పిన సిస్టర్ పోయిన బుధవారం తిరుత్తణిలో కన్నుమూశారు. నేను రైల్వే టికెట్ కౌంటర్‌లో ఉండగా పాత కబడ్డీ టీమ్‌లోని స్నేహితురాలు ఫోన్ చేసి, "సిస్టరమ్మ పోయిందే. రేపే చర్చిలో పూజ పెట్టి ఎత్తేస్తారు. నువ్వు రావాల" అని పెట్టేసింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఎడమ చెంప మండింది. ఆమె చెయ్యి పడే చోటు అది. ఇన్నేళ్లయినా ఒంటికి గుర్తుంది.

చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, ఉన్నది చెబుతాను. ఆమె కొట్టేవారు. కన్యాస్త్రీలంటే మెత్తని మనుషులని మా ఇళ్లలో అనుకునేవాళ్లు. గూడూరు వైపు నుంచి వచ్చిన ఈ సిస్టర్ మాత్రం శిలువనూ విజిల్‌నూ ఒకే తాడుకు మెడలో వేసుకుని, చీర కొంగు నడుముకు బిగించి, కబడ్డీ కోర్టులోకి దిగి మమ్మల్ని మట్టిలో ఈడ్చేవారు. ముక్కులోంచి రక్తం కారుతుంటే గుడ్డ చేతికిచ్చి, "తుడుచుకోని రా, ఆట ఆగలేదు" అనేవారు.

ఒకరోజు మా మామ గ్రౌండ్‌లోకి వచ్చి, ఆడపిల్లకు నిక్కరేమిటని నా జడ పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లాడు. సిస్టర్ పరిగెత్తుకొచ్చి ఆయన మణికట్టు పట్టి వెనక్కి మెలితిప్పారు. టక్కుమంది. ఆయన కూలబడ్డాడు. "ఏమయ్యా, పట్టు బాగానే ఉండాదే! రేపట్నించి నువ్వు గూడా ప్రాక్టీసుకు వచ్చేయ్" అన్నారామె. మామ నెలరోజులు కట్టుతో తిరిగాడు గానీ, మళ్లీ నా జోలికి రాలేదు.

మేము కూతకు వెళితే సిస్టర్ గడియారం చూసేవారు కాదు. మరియమ్మ జపం పెదాలు కదిలిస్తూ రెండుసార్లు చెప్పేవారు. రెండోది పూర్తయ్యేలోపు మేము ఎదుటివాళ్లను తాకి గీత దాటి రావాలి. మేమంతా హిందువుల పిల్లలమే, అయినా ఆ జపం ఎక్కడిదాకా వచ్చిందో ఆమె పెదాలు చూసి చెప్పగలిగేవాళ్లం.

ఆటసామాన్ల గది గోడమీద మా కప్పుల ఫోటోల పక్కనే, దేవుడికోసం హింసలు పడ్డ పునీతుల పటాలు అంటించారు సిస్టర్. ఒకాయన ఒంటినిండా బాణాలు. ఒకామె చేతిలో పట్టకారు, దాంట్లో ఆమె పళ్లే. మా అవ్వ ఒకసారి వచ్చి అవి చూసి, "మన తిరుత్తణి సామికి బుగ్గల్లో శూలాలు గుచ్చుకొని కావడి ఎత్తేటోళ్ల మాదిరే ఉండారు గదమ్మా" అంది. సిస్టర్‌కి ఆ మాట ఎంత నచ్చిందో! మాతో మటుకు ఇలా అన్నారు: "మీరు కొట్టి గెలుస్తారు, వీళ్లు దెబ్బలు తిని గెలిచినారు. రెండిటికీ ఒళ్లే పెట్టాల. కాకుంటే మీ గెలుపు సాయంత్రానికి సల్లబడిపోతాది."

ఆమె పెట్టిన వాడుక ఒకటుంది. రోమ్‌లో ఎవరినైనా పునీతులని ప్రకటించే ముందు, వాళ్ల తప్పులు ఎత్తి చూపి వాదించడానికే పూర్వం ఒక మనిషిని పెట్టేవారట. అందుకని మేము గెలిచిన ప్రతిసారీ, కప్పు చేతికిచ్చే ముందు సిస్టర్ అడిగేవారు: "ఎదురు మాట ఎవరు చెప్తారు?" గెలిచిన పిల్ల చేసిన తప్పేదో ఒకరు లేచి చెప్పేదాకా కప్పు సిస్టర్ చేతిలోనే ఉండేది. గోటితో గీరిందనో, గీత తొక్కి తొక్కలేదన్నదనో, ఏదో ఒకటి. ఒకసారి ముప్పావుగంట నిలబెట్టారు.

ఇక నా సంగతి. తిరువళ్లూరు గ్రౌండ్‌లో ఫైనల్. కవరైపేట్టై టీమ్‌లో ఒక సన్నటి పిల్ల కూతకు వచ్చి నా మూతిమీద తన్నింది. నోరంతా రక్తం. మళ్లీ వచ్చినప్పుడు ఆమె చీలమండ దొరకబుచ్చుకుని పడేశాను. విజిల్ పడింది. ఆమె అవుట్, మేము గెలిచాం. రిఫరీ పాయింట్లు రాసే బల్లవైపు తిరిగాడు. నేను వదల్లేదు. ఆమె మోకాలి మీద నా ఒళ్లంతా వేసి పక్కకు తిప్పాను. ఎండిన సరుగుడు కట్టె విరిచినట్టు చప్పుడైంది. ఆ అరుపు విని అందరూ అప్పుడు తిరిగారు. తలెత్తితే, గీత అవతల మూడడుగుల దూరంలో సిస్టర్ నన్నే చూస్తున్నారు.

కప్పు ఇచ్చేటప్పుడు అడిగారు, "ఎదురు మాట ఎవరు చెప్తారు?" అని. పిల్లలెవరూ చూడలేదు కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. నేనూ నోరు మెదపలేదు. సిస్టర్ రెండు క్షణాలు ఆగారు. రెండే. "సరి, తీసుకో" అని కప్పు నా చేతిలో పెట్టారు. మా బడికి అంత పెద్ద కప్పు అదే మొదటిది. ఆ కప్పు తాలూకు కాగితంతోనే స్పోర్ట్స్ కోటాలో నాకు ఈ ఉద్యోగం వచ్చింది. ఆ వాడుక మాత్రం అంతటితో ఆగిపోయింది.

ఆ తర్వాత ఆమె నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఆ ఫైనల్ అయినప్పట్నుంచి ప్రతి నెలా మొదటి శనివారం ఎక్కడికో వెళ్లి వచ్చేవారు, మరియమ్మ మొక్కు అనుకునేవాళ్లం. ఆ ఏడాదే ఒక శనివారం ముందరి పన్ను సగం విరిగి, పెదవి చిట్లి వచ్చారు. ఏమైంది సిస్టర్ అంటే, "నాకు రావాల్సిందే వచ్చింది" అన్నారు. అప్పట్నుంచి విజిల్ ఊదితే పక్కనుంచి గాలి పోయేది.

గురువారం పూజలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఆమెను పునీతురాలన్నారు. అప్పుడు మఠం పెద్ద మదర్ లేచి, సిస్టర్ రాసిపెట్టిన చీటీ చదివారు. "నన్ను పొగిడితే, నా పిల్లల్లో ఒకరు ఎదురు మాట చెప్పాలి. చెప్పేదాకా నా పెట్టె ఎత్తొద్దు."

ఉద్యోగం, పరువు, మా ఆయన, పిల్లలు, అన్నీ కళ్లముందు తిరిగాయి. అయినా లేచాను.

"సిస్టర్ ఒకసారి అబద్ధపు కప్పు ఇచ్చింది. నాకే. విజిల్ పడినాక ఒక పిల్ల కాలు కావాలనే విరిచినా. సిస్టర్ చూసింది. చూసి గూడా గెలుపు కావాలని నోరు మూసుకున్నింది. నేనూ మూసుకున్నా. ఇంతే."

వెనక స్తంభం దగ్గర్నుంచి ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. ఒక కాలు నిటారుగా పెట్టి ఈడుస్తూ వస్తోంది.

"ఆ కాలు నాదే" అందామె. "కవరైపేట్టైలో మా ఇంటికి నెల నెలా వచ్చేది సిస్టరు. మొదటి తూరి వచ్చినప్పుడే చెప్పేసింది, నేను చూసినా పాపా, నోరు తెరవలేదు అని. ఈ కాలుకు నూనె రుద్ది వంచబోయేది. నొప్పికి నేను బూతులు తిట్టినా వదల్లేదు. ఒకరోజు బాగుండే కాలితో ఎగిరి మూతిమీద తన్నినా. ఆ పన్ను ఇరగ్గొట్టింది నేనే. రక్తం ఉమ్మేసి మళ్లీ కూచోని రుద్దింది. మళ్లీ నెల గూడా వచ్చింది. మొన్నమొన్నటి దాకా వచ్చింది. కాలు మాత్రం వంగలేదు."

నావైపు ఒకసారి చూసింది. తిట్టలేదు, క్షమించాననీ అనలేదు, కాలు ఈడ్చుకుంటూ సిస్టర్ పెట్టె దగ్గరికి వెళ్లింది.

ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ మోకరించారు, నేనూ మోకరించాను. తలెత్తి చూస్తే, తెరిచిన పెట్టెలో సిస్టర్ పెదాలు కొంచెం విడి ఉన్నాయి, సగం పన్ను కనిపిస్తోంది. పెట్టె అంచు మీద చెయ్యి వేసి, అంతమందిలో కాలు వంగని ఆమె ఒక్కతే నిలబడి ఉంది.