రగ్బీ ఆటకు కరీంనగర్ కూత

నా చిన్నప్పుడు ఒక శుక్రవారం మా మామయ్య క్యాంపులో అందరికీ బిర్యానీ పెట్టి, నన్నొక్కదాన్నీ ఆకలితో నిలబెట్టాడు. దానికి కారణం రగ్బీ.

అప్పుడు మేము అబుదాబి దగ్గర బనియాస్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఒక కట్టడాల కంపెనీలో స్టోర్‌కీపర్. అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, అదే కంపెనీకి మఫ్రఖ్‌లో ఉన్న క్యాంపులో వంటమనిషి. సెలవు రోజున నాన్న నన్ను అక్కడికి తీసుకువెళ్ళేవారు. నాకు ఎనిమిదేళ్ళు. నోట్లోంచి మాట రావడమే కష్టం. బడిలో హాజరు పిలిస్తే నా జవాబు పక్క బెంచీకి కూడా చేరేది కాదు. నేను రాలేదని టీచరు రాసేసుకునేది.

క్యాంపు వెనక ఇసుకనేలలో మా ఇంగ్లీషు ఫోర్‌మన్ ప్రతి శుక్రవారం రగ్బీ లీగ్ ఆడేవాడు. అక్కడి ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా ఆడేది జట్టుకు పదిహేనుమంది ఉండే రగ్బీ. ఈయనది పదమూడుమందితో ఆడే రకం, ఉత్తర ఇంగ్లండులో బొగ్గుగనుల ఊళ్ళ ఆట. మిగతావాళ్ళు దాన్ని ఆటగానే లెక్కవేసేవారు కాదు. ఆడేవాళ్ళను కూడగట్టడం ఒక కష్టమైతే, చూసేవాళ్ళు లేరన్నది ఆయనకు ఇంకా పెద్ద దిగులు. వాళ్ళ ఊళ్ళో జనం వానలో తడుస్తూ గొంతులు పోయేలా అరుస్తారట. ఇక్కడ వాన కూడా లేదు కదా, ఎందుకు రారు అని నాన్నను అడిగేవాడు.

నాన్న జాలిపడి కరీంనగర్ వైపు వాళ్ళను పదిమందిని పిలుచుకొచ్చారు. వాళ్ళు కాసేపు చూసి, ఇది మన చెడుగుడే అని తేల్చేశారు. పట్టుకోవడం, పడేయడం, విడిపించుకుని ఉరకడం అన్నీ ఉన్నాయి. మధ్యలో కోడిగుడ్డులాంటి బంతి ఒకటి అడ్డం, అంతే. వాళ్ళకు మింగుడుపడనిదల్లా, కింద పడ్డవాడు లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టి, మళ్ళీ ఆడడం.

"పట్టుకున్నంక ఔటే గద. గీడు మల్ల లేస్తుండేంది?" అని అందరిలోకి పెద్దవాడైన మేస్త్రి అడిగేవాడు.

"ఖలాస్ భాయ్, బయటికి నడువ్," అని ఇంకొకడు చేత్తో దారి చూపించేవాడు. ఎండకు ఎర్రబడ్డ ఆ ఆటగాడు తనను మెచ్చుకుంటున్నారనుకుని చెయ్యి ఊపేవాడు. ఆరుసార్లు పట్టుబడ్డాక బంతి అవతలి జట్టుకు ఇవ్వాలన్నది అక్కడి నియమం. ఆరుగురూ ఔటయ్యారని మావాళ్ళు లెక్క కట్టుకుని తృప్తిపడ్డారు.

ఒక లోటును మాత్రం వాళ్ళే పూడ్చారు. బంతితో ఉరికేవాడు కూత పెట్టడం లేదు. కూత లేకుండా అవతలివాళ్ళలోకి చొరబడడం ఏం పద్ధతి? అందుకని గీత పక్కన నిలబడి వాడి తరఫున వీళ్ళే 'కబడ్డీ, కబడ్డీ' అని మొదలుపెట్టి, వాడు పడేదాకా ఊపిరి తీసుకోకుండా లాగేవారు. మధ్యలో కూతగాళ్ళలో ఎవడి దమ్ము తెగినా వాణ్ణి ఔటు చేసి వెనక కూర్చోబెట్టేవారు. మొదటిసారి అది విని ఫోర్‌మన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చలికాలం సగమయ్యేసరికి గీత పక్కన నిలబడడానికి చోటు దొరికేది కాదు. కూతకు వంతులు వేసుకున్నారు. ఆటగాళ్ళకంటే కూతగాళ్ళ మధ్యే తగాదాలు ఎక్కువ.

అంతలో పక్క క్యాంపుకు వీడియో వచ్చింది. శుక్రవారం పొద్దున్నే తెలుగు సినిమా. రెండు వారాలు తిరక్కుండా గీత పక్కన నాన్న, నేను, ఎవరిదో ఒక మేక మిగిలాం. సరిగ్గా అప్పుడే కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఆ నేలలో లారీలు పెట్టుకుంటానన్నాడు. ఫోర్‌మన్ బతిమాలితే, వచ్చే శుక్రవారం వచ్చి చూస్తాను, జనం ఉంటే సరే, లేకపోతే ఖలాస్ అన్నాడు. ఆ వారమంతా ఫోర్‌మన్ టీ కూడా తాగలేదని నాన్న ఇంట్లో చెప్పారు.

మామయ్యకు ఆయనంటే ఇష్టం. తన కూర తిని, చెమటలు కక్కుతూ, మళ్ళీ వేయమని అడిగే ఇంగ్లీషువాడు ఆయనొక్కడే. ఆ శుక్రవారం బిర్యానీ డేగిసాను నలుగురితో మోయించి గీత పక్కన దింపించాడు. "సినిమాకెళ్ళినోళ్ళు సినిమాయే తినండర్రా" అని పక్క క్యాంపుకు కబురు పంపాడు. అరగంటలో అందరూ ప్లేట్లతో హాజరు. నేనూ ప్లేటు చాపాను. "నీకు తర్వాతే అమ్మడూ," అని గరిటె అవతలికి తిప్పాడు. నాకు ఏడుపొచ్చింది.

ముదీర్ కారు దిగాడు. ఆట మొదలైంది. జనం వందమంది ఉన్నారు, చప్పుడు మాత్రం లేదు. అన్ని నోళ్ళూ నిండుగా ఉన్నాయి. ఫోర్‌మన్ బంతి అందుకుని, మావైపు ఒకసారి ఆశగా చూసి, పరుగెత్తాడు.

"వీళ్ళు ఆటకొచ్చారా, అన్నానికొచ్చారా?" అని ముదీర్ హిందీలో నాన్నను అడిగాడు.

మామయ్య గరిటె కాడతో నా వీపు మీద పొడిచాడు. "ఇక్కడ నీ నోరొక్కటే ఖాళీగా ఉంది. కానీవే."

మొదలుపెట్టాను. మొదట నా కూత నాకే వినిపించలేదు. ఫోర్‌మన్ ఒకణ్ణి తప్పించుకున్నాడు. కొంచెం గొంతు పెంచాను. ఇద్దరు ఆయన నడుము పట్టుకున్నారు, అయినా ఆయన పడడం లేదు, వాళ్ళను ఈడ్చుకుంటూ ముందుకే నడుస్తున్నాడు. నాకు ఛాతీ మండిపోతోంది. నేను ఆగితే ఆయన పడిపోతాడని, ఆ నేల పోతే అది నా వల్లేనని నిజంగా నమ్మాను. అయినా ఆగిపోయాను.

నేను ఆగినచోట మేస్త్రి అందుకున్నాడు, నోట్లో ముద్దతోనే. మెతుకులు ముదీర్ చొక్కా మీద పడ్డాయి. మేస్త్రి దమ్ము అయిపోతే పక్కవాడు, ఆ తర్వాత ఇంకొకడు, చివరకు అందరూ. ఫోర్‌మన్ ఇద్దరినీ మోసుకుంటూ వెళ్ళి, అవతలి జట్టు చివరి గీత దాటి బంతితో సహా బోర్లా పడ్డాడు.

నేను మాత్రం వెనక్కి వెళ్ళి, ఔటైనవాళ్ళ చోట కూర్చుని ఏడుస్తున్నాను. మేస్త్రి ప్లేటుతో సహా వచ్చాడు.

"ఏమైంది బిడ్డా?"

"దమ్ము తెగింది."

"తెగకపోతె మాకు వంతెట్లొస్తది? ఔటు గివుటు ఇయ్యాల్టి సంది ఖలాస్. లే, తిను."

ముదీర్ చొక్కా దులుపుకుని, తనకూ ఒక ప్లేటు పెట్టమన్నాడు. ఆ చలికాలానికి నేల దక్కింది. మరుసటి ఏడు ఫోర్‌మన్ స్వదేశం వెళ్ళిపోయాడు, లారీలు వచ్చాయి, జనం వీడియో దగ్గరే స్థిరపడ్డారు. రగ్బీ అంటే ఏమిటని అడిగితే క్యాంపులో కొత్తవాళ్ళకు తెలియలేదు.

ఇప్పుడు నాకు ఒక పాప. అది దగ్గితే నేను ఊపిరి బిగబడతాను. నేను ఒక్క క్షణం కునికితే ఏదో అయిపోతుందని భయం. ఆ భయం పోయిందని చెప్పలేను. కాని ఇక నా వల్ల కాదనిపించినప్పుడు ఆ మాట పైకే చెప్పి, పాపను మా వారి చేతుల్లో పెడతాను. ఆయన లాలిపాట వినడం కష్టం. అయినా పాప నిద్రపోతుంది, నేనూ నిద్రపోతాను.