తునికాకు మీద పంటి గుర్తులు

నా చిన్నప్పుడు జూలూరుపాడు చుట్టుపక్కల ఎవరి ఎముక విరిగినా దవాఖానా గుర్తుకొచ్చేది కాదు. అడవి అంచు గూడెంలో కట్లు కట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఎడ్లబండి మీది నుంచి పడి విరిగిన మా తాతయ్య కాలును నిలబెట్టింది ఆయనే. అందుకే ఆయనంటే తాతయ్యకు అంత గురి.

మా అన్న కబడ్డీలో కూతకు వెళ్తే ఆపేవాడే లేడు. మరునాడు కల్లూరులో పోటీ అనగా, సాయంత్రం కోతలైన చేలో ఆడుతున్నాం. ఆ ఒక్కసారైనా అన్నను పడగొట్టాలన్న కసితో, పట్టు దొరకగానే మోకాలు విసిరాను. అది ఎడమ దవడకు తగిలింది. ఆ వెంటనే నలుగురు మీద పడ్డారు కాబట్టి ఎవరి దెబ్బో ఎవరికీ తెలియలేదు. నాకు తెలుసు.

ఇంటికొచ్చి అన్న "కింద పడ్డ, ఏం కాలే" అన్నాడు. నిజం తెలిస్తే పోటీకి పంపరని ఆయన భయం. నా భయం వేరు. అమ్మ పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసింది. తెల్లారేసరికి చెంప ఉబ్బిపోయింది, నోట్లోకి ముద్ద పోలేదు. తాతయ్య మా ఇద్దరినీ గూడేనికి తీసుకుపోయాడు. ఒక్క కట్టు పడితే మధ్యాహ్నానికి కల్లూరు చేరొచ్చని ఆయన నమ్మకం.

ముసలాయన రెండు లేత తునికాకులు తెంపి, మడిచి, చెరో వైపు వెనక పళ్ల మధ్య పెట్టి కొరకమన్నాడు. బీడీలు చుట్టే ఆకుతో ఈ పరీక్షేమిటో నాకు అర్థం కాలేదు. తీసి చూస్తే కుడి ఆకు మీద పళ్లన్నీ దిగి ఉన్నాయి. ఎడమ ఆకు పెట్టింది పెట్టినట్టే ఉంది, ఆ వైపు పళ్లు కలవడమే లేదు.

"కాలిరిగితే కడ్త, చెయ్యిరిగితే కడ్త. దవడ నాకు రాదు పెద్దయ్యా. జల్దీ ఖమ్మం దవాఖానకు తీస్కపో."

తాతయ్య ముఖం మాడిపోయింది. "ఏంది గట్లంటవ్? నా కాలు నిలబెట్టినోనివి నువ్వే గద!" అని కోప్పడ్డాడు, ఆ తర్వాత బతిమాలాడు. గూడెమంతా చూస్తుండగా ఆ ముసలాయన మళ్లీ అదే మాట అన్నాడు, నాకు రాదని. తన తువ్వాలుతోనే దవడ కదలకుండా గడ్డం కింది నుంచి నెత్తి మీదికి కట్టి, బస్సు రోడ్డు దాకా మాతో నడిచాడు. దారిలో నన్ను అడిగాడు. "ఎట్ల తాకింది బిడ్డా? ఎవలదన్న మోకాలా? డాక్టరు అడుగుతడు, చెప్పాలె."

"పడ్డడు" అన్నాను.

ఖమ్మంలో ఎముక విరిగిందని చెప్పి పళ్లకు తీగ కట్టారు. నెలకు పైగా అన్న జావ తాగి బతికాడు. ఆయన ఎదుట తినలేక నేను కంచం పెరట్లోకి తీసుకుపోయేవాణ్ని. ఎముక అతికింది గానీ, అన్న మళ్లీ కూతకు వెళ్లలేదు.

తర్వాత నేను ఆటల సారునయ్యాను. పిల్లల ముఖానికి దెబ్బ తగిలితే ఇప్పటికీ ముందు పళ్లు కలుస్తున్నాయా అని చూస్తాను, అనుమానముంటే ఆట ఆపించి డాక్టరు దగ్గరికి పంపిస్తాను. పండుగకు అన్న ఖమ్మంలో ఖానాపురం హవేలి పేటలోని మా ఇంటికి వస్తే పక్కపక్కనే కూర్చుని తింటాం. ఆయన కుడివైపే నములుతాడు. నేను కంచంలోకి చూస్తూ తింటాను. ఆ ముసలాయన పరీక్ష నాకు ఒక్కరోజులో వచ్చేసింది. "నాకు రాదు" అని ఆయన నలుగురిలో అన్నట్టు, "ఆ మోకాలు నాదే అన్నా" అనడం మాత్రం ఈ వయసు వచ్చినా నాకు రాలేదు.